పాత పడవ రేడియోకు తక్కువ ఖర్చుతో జీపీఎస్

నమస్కారం అండీ. సియాటిల్‌లోని షిల్‌షోల్ బే మెరీనా, అంటే పడవలు నిలిపే రేవు నుంచి మాట్లాడుతున్నాను. వాన ఆగింది కాబట్టి ఇవాళ పడవ పని పెట్టుకున్నాం. పడవల మధ్య, తీరంతో మాట్లాడుకోవడానికి వాడే మా వీహెచ్‌ఎఫ్ రేడియోకు జీపీఎస్ రిసీవర్ కలపబోతున్నాను.

రేడియో మీద చిన్న మూత కింద ఎర్ర బటన్ ఉంది, చూడండి. మూత ఎత్తి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే 70వ ఛానల్‌లో ఆపద సంకేతం వెళ్తుంది. తీర రక్షక దళమైన కోస్ట్‌గార్డ్‌కూ దగ్గర్లోని ఓడలకూ అందుతుంది. అందిందని ఎవరూ జవాబివ్వకపోతే దాదాపు నాలుగు నిమిషాలకోసారి రేడియోయే మళ్లీ పంపుతుంది. కానీ మాది పాత రేడియో, లోపల జీపీఎస్ లేదు. అందుకని సంకేతంలో పడవ ఎవరిదో తెలుస్తుంది గానీ ఎక్కడుందో తెలియదు. తమకు అందే ఇలాంటి సంకేతాల్లో దాదాపు 90 శాతం స్థానం లేకుండానే వస్తున్నాయని అమెరికా కోస్ట్‌గార్డే గతంలో ఒక భద్రతా హెచ్చరికలో చెప్పింది.

ఈ పని ఇప్పుడే ఎందుకంటే, వచ్చే నెల రాజమండ్రి నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. వాళ్లను పడవ ఎక్కించాలని మా ఆవిడ కోరిక. ఇక్కడి సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ నీళ్లు ఎండాకాలంలోనూ ఒళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి. నేనే నీళ్లలో పడిపోతే, ఆపదలో మాట్లాడే 16వ ఛానల్‌లో ఇంగ్లిషులో ఫలానా చోట ఉన్నామని చెప్పడం ఆ పెద్దవాళ్లకు సాధ్యమయ్యే పనేనా? బటన్ నొక్కడం మాత్రం ఎవరికైనా సాధ్యమే.

ఇక కొనడం సంగతి. కంప్యూటర్‌కు పెట్టే యూఎస్‌బీ జీపీఎస్ ఇక్కడ పనికిరాదు, దానికి అవతల కంప్యూటరే ఉండాలి. రేడియోకు కావలసింది పడవ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఎన్ఎంఈఏ 0183 పద్ధతిలో, 4800 బాడ్ (సమాచారం పంపే వేగానికి కొలత) వేగంతో వచ్చే సమాచారం. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే నియో-6ఎం అనే జీపీఎస్ బోర్డు మామూలుగా 9600తో మాట్లాడుతుంది. పైగా దాని సిగ్నల్ రేడియో ఆశించే దానికి తలకిందులుగా ఉంటుంది, దాన్ని సరిచేయడానికి మధ్యలో మ్యాక్స్3232 చిప్ పెట్టాలి. వేగం మార్చినా, కరెంటు పూర్తిగా పోతే కొన్ని బోర్డుల్లో ఆ మార్పు నిలవదు. అందుకే కొంచెం ఎక్కువైనా గార్మిన్ 18ఎక్స్ ఎల్‌వీసీ అనే జీపీఎస్ రిసీవర్ తీసుకున్నాను. ఇది మొదటి నుంచే 4800తో వస్తుంది.

దీనికి 5 వోల్టులు చాలు. పడవ బ్యాటరీ 12 వోల్టులది, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14 కూడా దాటుతుంది. నేరుగా ఇస్తే రిసీవర్ కాలిపోతుంది. మధ్యలో 5 వోల్టుల కన్వర్టర్, దానికి ముందు ఫ్యూజ్ తప్పనిసరి. తర్వాత రిసీవర్ నుంచి సమాచారం పంపే తీగను రేడియో ఎన్ఎంఈఏ ఇన్‌పుట్ ప్లస్‌కు, గ్రౌండ్ తీగను మైనస్‌కు కలపాలి. తీగల రంగులు కంపెనీకొక రకం, మాన్యువల్ చూడకుండా కలపకండి. అతుకుల మీద వేడి తగిలితే బిగుసుకునే, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం వేస్తున్నాను, ఉప్పుగాలి రాగిని ఊరికే వదలదు. రిసీవర్‌ను ఫైబర్‌గ్లాస్ కప్పు కింద పెట్టినా సిగ్నల్ అందుతుంది, లోహం కింద అయితే అందదు.

ఆన్ చేశాను. కాసేపటికి తెరమీద 47 డిగ్రీల ఉత్తరం, 122 డిగ్రీల పడమర వచ్చాయి. మా మెరీనాయే!

రేడియోలో పడవను గుర్తించే తొమ్మిది అంకెల ఎంఎంఎస్ఐ నంబరు కూడా ఉండాలి, అది లేకపోతే ఆపద సంకేతం వెళ్లదు. అమెరికా జలాల్లోనే తిరిగే సరదా పడవలకు బోట్‌యూఎస్ వంటి సంస్థలు ఇస్తాయి. మాలాగా కెనడాలోని విక్టోరియా దాకా వెళ్లాలనుకునేవారు అమెరికా ప్రభుత్వ సమాచార ప్రసారాల సంస్థ ఎఫ్‌సీసీ దగ్గర తీసుకోవాలి.

పరీక్ష కోసం ఎర్ర బటన్ ఎప్పుడూ నొక్కకండి. మెనూలో టెస్ట్ కాల్ ఉంటే కోస్ట్‌గార్డ్ పరీక్షా నంబరు 003669999కు పంపండి, జవాబు దానంతట అదే వస్తుంది. మాకు వచ్చింది. ఇప్పుడు మా ఆవిడ బటన్ పక్కన అంటించడానికి తెలుగులో చీటీ రాస్తోంది: మూత ఎత్తండి, నొక్కి పట్టుకోండి, బీప్ మారేదాకా వదలకండి.