పెసరపప్పుతో కుదిరిన కినోవా

నమస్కారమండీ. ఈ పూట కినోవా గురించి, అదేనండీ, అన్నానికి బదులు వండుకునే ఆ చిన్న గింజల గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. పేరు వినగానే రేడియో కట్టేయకండి, మొదట్లో నేనూ మొహం చిట్లించినదాన్నే.

మాది విజయవాడ వన్‌టౌన్. రెండేళ్ల క్రితం మావారికి షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు డాక్టరుగారు, రాత్రిపూట అన్నం తగ్గించమన్నారు. చపాతీలు చేస్తే నాలుగు రోజులు బుద్ధిగా తిన్నారు, ఐదోరోజు "కాస్త పెరుగన్నం ఉందా" అని మెల్లిగా వంటింట్లోకి వచ్చారు. ఆకలై కాదండీ. పడుకోబోయే ముందు మెత్తగా ఓ ముద్ద కడుపులో పడితేగానీ మనకి భోంచేసినట్టుండదు, అదీ సంగతి. సరేనని సూపర్ మార్కెట్లో కినోవా ప్యాకెట్ కనిపిస్తే తెచ్చి, బియ్యంలాగే ఒక్కసారి కడిగేసి, కుక్కర్లో నాలుగు విజిళ్లు రానిచ్చాను. మూత తీస్తే జావ. నోట్లో పెట్టుకుంటే చేదు. మా అత్తగారు "పిచ్చుకలకి వేసే గింజలు తెచ్చి మాకు పెడుతున్నావేమిటే" అన్నారు. మావారు మాత్రం పాపం నోరెత్తకుండా తిన్నారు, కాకపోతే ఆవకాయ మూడుసార్లు వేసుకున్నారు.

ఆ చేదు ఎక్కడిదంటే, గింజ పైన సపోనిన్ అనే పదార్థం పొరలా ఉంటుంది. కుంకుడుకాయ నురగ వచ్చేది కూడా ఇలాంటి సపోనిన్ల వల్లే. అత్తగారు పిచ్చుకల గింజలన్నారు గానీ, అసలు ఆ చేదు వల్లే పిట్టలు ఆ చేలో పెద్దగా వాలవు! అందుకని నీళ్లలో నురగ రావడం ఆగేదాకా చేత్తో రుద్ది కడగాలి, నాలుగైదు సార్లు పట్టినా సరే. మామూలు గిన్నెలో వంచితే సగం గింజలు సింకులోకి పోతాయి కాబట్టి సన్నకన్నాల జల్లెడ వాడండి. "కడిగినవే" అని ప్యాకెట్ మీద రాసి ఉన్నా నేనైతే ఓసారి కడుగుతాను.

ఇది దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల పంట, పెరూ, బొలీవియా వాళ్లు వేల ఏళ్లుగా తింటున్నారు. 2013ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ కినోవా సంవత్సరంగా ప్రకటించాక మన ఊరి షాపుల్లోకీ మెల్లిగా వచ్చింది. చూడ్డానికి ధాన్యంలా ఉంటుంది గానీ వరి, గోధుమల జాతి కాదు, మన తోటకూర కుటుంబం. ఆ కొండల్లో వాళ్లు దీన్ని సూపుల్లో, జావల్లో వేసుకుంటారు. మనమేమో తెల్లన్నంలా వడ్డించి పప్పుచారు పోసుకుని, అన్నంలా లేదని తిట్టుకుంటాం. ఎలా ఉంటుందండీ?

పచ్చి గింజలు 100 గ్రాముల్లో ప్రొటీన్ సుమారు 14 గ్రాములు, పాలిష్ పట్టిన బియ్యంలో 7 దాకా. పీచు కూడా బియ్యం కంటే చాలా ఎక్కువ. కానీ కేలరీలు రెండింట్లో దాదాపు సమానమే, ఆరోగ్యం కదా అని రెండు ప్లేట్లు లాగిస్తే తేడా ఏం ఉండదు. ఇంకోమాట, ధర చూసి టెన్షన్ పడేవాళ్లు నేను చెప్పబోయే వంటలే కొర్రలతో చేసుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

ఇక మా ఇంట్లో కుదిరింది పొంగలి. అరకప్పు పెసరపప్పు కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, కడిగిన కినోవా ఓ కప్పు, నీళ్లు నాలుగు కప్పులు, చిటికెడు పసుపు వేసి మూడు విజిళ్లు రానివ్వండి. ఇక్కడ జావ అయినా భయంలేదు, పొంగలికి అదే కావాలి. నెయ్యిలో జీడిపప్పు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, జీలకర్ర, అల్లం, కరివేపాకు, ఇంగువ. నెయ్యి దగ్గర పిసినారితనం వద్దు, రెండు చెంచాలు వేయండి, అది లేకపోతే ఇదంతా పత్యం కూడే. ఉప్పు చివర్లో.

దద్దోజనానికి మాత్రం కప్పుకి రెండు కప్పుల నీళ్లు పోసి మామూలు గిన్నెలో సన్నసెగ మీద వండాలి, గింజలోంచి చిన్న తెల్లతోక బయటికొస్తే ఉడికినట్టు. పూర్తిగా చల్లారాక గరిటె వెనకతో మెదిపి, కాచి చల్లార్చిన పాలు, పెరుగు కలపండి. మెదపకపోతే పెరుగు ఓ పక్క, గింజలు ఓ పక్క ఉంటాయి. మే నెలలో బెజవాడ ఎండకి మధ్యాహ్నం ఇదీ, ఓ ఊరమిరపకాయా ఉంటే చాలు. పులిహోర కూడా చేశాను, బాగానే ఉంది, కానీ దుర్గమ్మ కొండ మీది పులిహోర తిన్న నోటికి దాని గురించి ఎక్కువ చెప్పలేను.

పొంగలి చల్లారితే బిగుసుకుంటుంది, పక్కన కాస్త వేడినీళ్లు ఉంచుకోండి. ఇప్పుడు మా ఇంట్లో మావారి కంటే ముందు అత్తగారే కంచం పెట్టుకుంటున్నారు. కాకపోతే కినోవా అనే మాట ఆవిడ నోట ఇంతవరకూ రాలేదు. "ఇవాళ ఆ తోటకూర గింజల పొంగలి చేస్తున్నావా" అంటారు.

ఉంటానండీ, నమస్కారం.