స్వర్ణముఖిలో ముందు లెక్క, తరువాతే పని

(తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం)

వ్యాఖ్యాత: స్వర్ణముఖి లాంటి నదిని బాగుచేయడమంటే పూడిక తీయడం, గట్టుకు రాతి గోడ కట్టడమే అనుకుంటాం. ఆ పనికి ముందు పిట్టలను, చేపలను లెక్కపెడితే ఏమిటి ఉపయోగం, మేడం?

జంతుశాస్త్ర అధ్యాపకురాలు: ఆ గోడ సంగతే చూద్దాం. నలుపు తెలుపు లకుముకి పిట్ట నిటారుగా ఉన్న మట్టిగట్టులో బొరియ తవ్వి, దాని చివర గుడ్లు పెడుతుంది. గట్టుకు సిమెంటు వేస్తే ఏట్లో ఎన్ని చేపలున్నా అక్కడ దానికి గూడు లేదు. బొరియలున్న చోటు ముందే తెలిస్తే ఆ ముక్కను వదిలేసి మిగతా పని చేసుకోవచ్చు. తీతువైతే ఆరిన ఇసుకలో, గులకరాళ్ల మధ్య చిన్న గుంటలోనే పెడుతుంది. సాధారణంగా నాలుగు గుడ్లు, మొనలన్నీ లోపలికి. మట్టిరంగు మీద నల్ల మచ్చలు. పక్కనే నిలబడినా కనబడవు. ఎండాకాలంలో అక్కడికి ట్రాక్టర్లు దిగితే ఇంకేం మిగులుతుంది?

రైతు: అమ్మా, ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయే ఏట్లో లెక్కపెట్టడానికి ఏముందని మా ఊళ్లోనే అంటారు. మా వైపు ఇసుక లోతుగా తోడేశాక ఊటకాలువ సన్నబడింది, మడుగులు తొందరగా ఇంకిపోతున్నాయి.

అధ్యాపకురాలు: ఆ మడుగులే ప్రాణమండీ. వేసవిలో చేపలు, తాబేళ్లు తలదాచుకునేది వాటిలోనే. వానలు పడ్డాక ఏరంతా మళ్లీ పాకేదీ అక్కడి నుంచే. మే నెల దాకా నిలిచే మడుగులేవో గుర్తించి, ముందు వాటి చుట్టూ తవ్వకం ఆపాలి.

విశ్రాంత అటవీ అధికారి: ఒక్కసారి లెక్క చాలదు. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది కాబట్టే దానికి విలువ. అదే చోటు, అదే కాలం, అదే పద్ధతి. ఏమీ కనబడకపోతే సున్నా అని రాయాలి. మనవాళ్లు ఆ గడి ఖాళీగా వదిలేస్తారు, అది పెద్ద నష్టం. ఇంకొకటి, పోల్చుకోవడానికి కొంత ఏటిని ముట్టుకోకుండా ఉంచాలి. 2021 నవంబరులో వచ్చినట్టు వరద వస్తే, మార్పు వరద వల్లా, మన పని వల్లా అన్నది తేల్చేది ఆ ముక్కే.

వ్యాఖ్యాత: రోజూ చూసేదెవరు?

రైతు: వల వేసేవాళ్లు, గొర్రెలు కాసేవాళ్లు. వాళ్లకు ప్రతి మడుగూ తెలుసు.

అధ్యాపకురాలు: నిజం. కానీ వాళ్ల చేత ఊరికే చేయించుకోకూడదు, కూలి ఇవ్వాలి. పని అంచనాలోనే, సిమెంటు కంటే ముందు, ఆ పద్దు ఉండాలి. పని మొదలయ్యే ముందు ఒక ఏడాది, ముగిశాక కనీసం మూడేళ్లు ఈ లెక్క సాగాలి.