ఈ లాంతరుకి ఫ్యాన్ రెగ్యులేటర్ ఉంది! | కరెంటు కోతలకి, క్యాంపింగ్‌కి ఎల్ఈడీ లాంతరు రివ్యూ

నమస్తే అండీ. ముందు రూములో లైట్లన్నీ ఆపేస్తున్నా.

ఆ. ఇప్పుడు మీకు నా గొంతు ఒక్కటే వినపడుతోంది కదా. చేత్తో టేబుల్ మీద తడుముతున్నా... ఇదిగో, దొరికింది. టక్. చూశారా? అగరొత్తి నిప్పుకి కాస్త ఎక్కువ, అంతే. ఇంకొంచెం తిప్పితే నా గడ్డం. ఇంకొంచెం తిప్పితే వెనకాల బీరువా. మొత్తం తిప్పేస్తే... అబ్బా, కళ్ళు.

వీడియో సగం ఈ తిప్పుడు గురించే ఉంటుంది. ఇష్టం లేనివాళ్ళు ఇప్పుడే చెప్పేయండి, నేనేం అనుకోను.

ఇంకోటి ముందే చెప్పాలి. ఈ పీసు కంపెనీవాళ్ళు ఫ్రీగా పంపారు. డబ్బులేం ఇవ్వలేదు. అప్‌లోడ్ చేసేముందు ఒకసారి వీడియో చూపిస్తారా అని అడిగారు, కుదరదన్నాను. అయినా పంపారు, అది వాళ్ళ ధైర్యం. పేరు, బరువు, ఎన్ని ల్యూమెన్లు, అంటే ఎంత వెలుగు, అన్నీ స్క్రీన్ మీద వేశాను. ఈపాటికి ఇంకో నాలుగు ఛానెళ్ళలో బాక్సు విప్పడం కూడా చూసే ఉంటారు. అవి మళ్ళీ చదివి మీ టైం తినను.

అసలు నాకీ లాంతర్ల పిచ్చి పట్టింది 2014 అక్టోబరు 12న. వైజాగ్ వాళ్ళకి తారీఖు చెప్తే చాలు. హుద్‌హుద్ తుఫాను. మా వీధిలో స్తంభాలు ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. మాకు మళ్ళీ కరెంటు వచ్చింది ఏడో రోజున. ఇంట్లో ఎమర్జెన్సీ లైటు లేదా అంటే ఉంది. రెండు చిన్న ట్యూబులు, లోపల లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఇటుకంత బరువు. అటక మీద ఉండేది. ఆఖరుసారి ఛార్జింగ్ ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. స్విచ్ వేస్తే ట్యూబుల కొసలు ఎర్రగా మెరిసి ఆరిపోయాయి. మా నాన్న దాన్ని పాత టీవీని కొట్టినట్టు రెండు దెబ్బలు కొట్టి చూశారు. ఆ బ్యాటరీని ఖాళీగా నెలల తరబడి వదిలేస్తే లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిగా పేరుకుపోతుందనీ, ఇక ఎంత ఛార్జింగ్ పెట్టినా ఎక్కదనీ నాకు తర్వాత తెలిసింది. పోనీ కొవ్వొత్తులు పెడదామంటే, కిటికీ అద్దాలు పగిలిన ఇంట్లో కొవ్వొత్తి ఎక్కడ నిలుస్తుంది?

ఆ తర్వాత వరసగా కొన్నాను. మొదటిది పైకి లాగితే వెలిగే మడత లాంతరు, మూడు పెన్ సెల్లులది. ఏడాది తర్వాత తెరిస్తే సెల్లులు లోపలే కారిపోయి స్ప్రింగులకి ఆకుపచ్చ చిలుము. రెండోది రీఛార్జబుల్, మంచి వెలుగే. కానీ బటన్ ఒక్కటే.

ఈ ఒక్క బటన్ సంగతి చెప్పాలి. మొదటిసారి నొక్కితే ఫుల్లు. రెండోసారి సగం. మూడోసారి తక్కువ. నాలుగోసారి టపటపా మిణుకు. ఐదోసారి నొక్కితే గానీ ఆరదు. మా బాబు ఏడాది వాడప్పుడు, రాత్రి రెండింటికి కరెంటు పోయింది. పాలు కలపాలి. నొక్కాను. ఫుల్లు! వాడు ఉలిక్కిపడి లేచాడు. తగ్గిద్దామని నొక్కుతూ పోతే ఒకటి దాటిపోయి మిణుకు మొదలైంది, ఇంట్లోకి పోలీసు జీపు వచ్చినట్టు. వాడు ఏడుపు, మా ఆవిడ నా వంక ఒక చూపు. ఆ చూపుకి ల్యూమెన్లు కొలిచే మీటరు లేదు. అడవిలో దారి తప్పినవాడికి ఆ మిణుకు అవసరమే, ఒప్పుకుంటాను. మరి దానికి వేరే బటన్ పెట్టొచ్చుగా? ఆర్పడానికి వెళ్ళే దారిలోనే ఎందుకు పెడతారు?

అందుకే ఈ మీట నాకింత నచ్చింది. అచ్చంగా ఫ్యాన్ రెగ్యులేటరే. టక్ మంటే ఆన్, అదీ అన్నిటికంటే తక్కువ వెలుగులో ఆన్. ఎంత కావాలో అంతకి తిప్పుకో. వెనక్కి తిప్పితే టక్, ఆరిపోయింది. మధ్యలో ఏ మోడూ లేదు. అంచుకి గరుకు గీతలున్నాయి కాబట్టి చీకట్లో వేలికి తగులుతుంది.

తక్కువ వెలుగు ఎందుకురా బాబూ, లాంతరు కొనేదే వెలుగు కోసం కదా అంటారు. మొన్న డిసెంబర్లో వంజంగి వెళ్ళాం, పాడేరు దగ్గర. కింద టెంటు వేసుకుని పడుకుని, తెల్లారుజామున నాలుగింటికి లేచి చీకట్లో కొండెక్కితే, సూర్యుడు వచ్చేసరికి కాళ్ళ కింద మబ్బులుంటాయి. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది. పక్క టెంటువాళ్ళు వెయ్యి ల్యూమెన్లది ఒకటి భళ్ళున వెలిగించారు. అంతే, మళ్ళీ మొదటికొచ్చాం. మా టెంటులో ఇది కొక్కేనికి వేలాడుతూ, అన్నిటికంటే తక్కువ వెలుగు మీద, బూట్లు ఎక్కడున్నాయో చూపించేంత వెలుగిచ్చింది. పడుకున్నవాళ్ళు కదల్లేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోయినా మీట తిరిగింది. పొద్దున చూస్తే పైనంతా మంచు నీళ్ళు, తుడిచేశాను, ఏం కాలేదు.

సరే, తిట్లు మొదలెడదాం.

ఛార్జింగ్ పోర్టు టైప్ సి. బాక్సు మీద పెద్దక్షరాల్లో వేశారు. ఇప్పుడు నా ఫోను ఛార్జరు, దాని సి టు సి కేబులు పెడుతున్నా. చూడండి. ఏమైనా వెలిగిందా? లేదు. తిప్పి పెడతా. లేదు. ఇప్పుడు పాత ఛార్జరు, ఒక పక్క వెడల్పు పిన్ను ఉండే పాత కేబులు. ఎర్ర లైటు వచ్చింది! సి టు సి కేబులు పెట్టినప్పుడు, అవతల నిజంగా ఛార్జింగ్ కావాల్సిన వస్తువు ఉందో లేదో ఛార్జరు ముందు చూసుకుంటుంది. అది తెలియడానికి పోర్టు దగ్గర 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లని చిన్న పార్టులు రెండు పెట్టాలి. అవి కనపడకపోతే ఛార్జరు కరెంటు వదలదు. పాత కేబులుకి ఈ తతంగం లేదు, గుచ్చగానే ఇచ్చేస్తుంది. రెండు రెసిస్టర్లండీ! పైసల్లో ఖరీదు! అక్కడ మిగుల్చుకుని, పైన సోలార్ ప్యానెల్ అని ఒక బిళ్ళ అతికించారు. నా అరచేతిలో సగం ఉంది. ఎర్రటి ఎండలో రోజంతా డాబా మీద పెడితే సాయంత్రానికి ఛార్జింగ్ చూపించే నాలుగు గీతల్లో ఒక్కటి నిండింది, అదీ కష్టంగా. పైగా లిథియం బ్యాటరీని ఎండలో కాల్చడం ఏం తెలివి? ఆ బిళ్ళ లేదనుకోండి.

పవర్ బ్యాంకులా కూడా పనిచేస్తుందట. 4000 ఎంఏహెచ్, 3.7 వోల్టులు. గుణిస్తే పద్నాలుగున్నర చిల్లర వాట్ అవర్లు, అంటే లోపల పట్టే కరెంటు అంత. మీ ఫోను బ్యాటరీ 5000 అయితే దానికే పంతొమ్మిది దాకా కావాలి. మధ్యలో వేడి కింద కొంత పోతుంది. నా ఫోను 12 శాతం నుంచి 63కి వచ్చి ఆగింది, లాంతరు చీకటైపోయింది. తుఫాను రాత్రి ఆ పని చేయకండి, ఫోనుకి వేరే పవర్ బ్యాంకు ఉంచుకోండి.

ఎంతసేపు వెలుగుతుందంటే, ఫుల్లులో నా దగ్గర 3 గంటల 20 నిమిషాలు. అన్నిటికంటే తక్కువ వెలుగు మీద శుక్రవారం సాయంత్రం ఆరింటికి పెడితే మంగళవారం పొద్దున టీ తాగేటప్పుడు ఆరింది. బాక్సు మీద 200 గంటలని ఉంది. 200 గంటలు వెలిగేది బహుశా ఆ ఛార్జింగ్ ఎర్ర లైటేమో.

వెలుగు రంగు పసుపు. ట్యూబులైటు తెలుపు కావాలనేవాళ్ళకి నచ్చదు. నీలం కలిసిన తెలుపుకి పురుగులు ఎక్కువ ముసురుతాయి. తొలకరి తర్వాత ఉసిళ్ళు పప్పులో పడిన ఇళ్ళవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఇది పెట్టుకుంటే అసలు రావా? వస్తాయి, తక్కువ వస్తాయి. అడుగున అయస్కాంతం ఉంది, బీరువాకి అంటుకుంటుంది. దండేనికి తగిలిస్తే వంటగది మొత్తానికి సరిపోయింది.

ఇంక అమ్మమ్మ సంగతి. మా అమ్మమ్మది పలాస దగ్గర ఉద్దానం. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చి జీడితోటలు, కొబ్బరిచెట్లు పడిపోయినప్పుడు ఆవిడ రోజుల తరబడి కిరసనాయిలు లాంతరుతోనే గడిపింది. తర్వాత నేను ఇచ్చిన ఆ ఒక్క బటన్ లాంతరుని సంచిలో చుట్టి దాచేసింది, "అది కొట్టుకుంటాది రా" అని. పండక్కి వెళ్ళినప్పుడు దీన్ని చేతికిచ్చాను. ఎలా వాడాలో నేనేం చెప్పలేదు. పక్కన మీట కనపడింది, తిప్పింది. వెలిగింది. ఇంకాస్త తిప్పింది. "ఇదేట్రా, వత్తి ఎక్కించినట్టే ఉంది!"

అంతేనండీ. ఆవిడ డెబ్భై ఏళ్ళు లాంతరు వత్తిని మీట తిప్పే పెంచింది, తగ్గించింది. పడుకునేముందు పూర్తిగా ఆర్పకుండా చిన్నగా ఉంచేది. దీన్ని కూడా అలాగే చిన్నగా పెట్టి మంచం కింద ఉంచుకుంది. ఛార్జింగ్ కోసం పాత ఛార్జరు, పాత కేబులు దానికే తాడుతో కట్టి ఇచ్చొచ్చాను.

కాబట్టి నా మాట: కొనండి. సోలార్ ఫెయిలు, సి పోర్టు ఫెయిలు, పవర్ బ్యాంకు అత్తెసరు, 1,899 రూపాయలు కూడా ఒక మూడొందలు ఎక్కువే. లెక్క ప్రకారం వద్దనాలి, తెలుసు. మీకు ముఖ్యంగా ఫోను ఛార్జింగే కావాలంటే నిజంగానే వద్దు. ఇంట్లో పసిపిల్లలో పెద్దవాళ్ళో ఉంటే మాత్రం ఇదే. ఇప్పుడు మీరు చూస్తున్నది రెండో పీసు, మొదటిది అమ్మమ్మ దగ్గరే ఉండిపోయింది. దీనికి నేను డబ్బు కట్టాను.

కొన్నాక అటకెక్కించకండి. లిథియం సెల్లుని ఖాళీగా వదిలేసినా పాడే, ఎప్పుడూ నిండా పెట్టి ఉంచినా అంత మంచిది కాదు. సగం పైన ఉంచి, రెండు మూడు నెలలకోసారి తిప్పి చూసుకోండి. మాకైతే అక్టోబరు రాకముందే ఒకసారి.

వచ్చే వారం రీఛార్జబుల్ టేబుల్ ఫ్యాను. దానికి ఒక్కటే బటన్. మూడు రోజులకే గరగరమంటోంది.