కఫానికి ఆ ఆకుపచ్చ రంగు ఎవరిది?

[తెర మీద: ఛాతీ ఎక్స్‌రే. కుడివైపు కింది భాగంలో తెల్లటి మచ్చ.]

ఎక్స్‌రేలో ఊపిరితిత్తి నల్లగా కనబడాలి. నలుపంటే గాలి ఉన్నట్టు. ఇక్కడ కుడివైపు కింద, తెల్లగా ఉన్నచోట గాలి లేదు. డాక్టరు దీన్ని న్యుమోనియా అంటారు, ఇంట్లో పెద్దవాళ్లు నెమ్ము చేరిందంటారు. ఆ తెలుపంతా బ్యాక్టీరియా అనుకుంటే పొరపాటే. అందులో ఎక్కువ భాగం మన శరీరం అక్కడికి పంపిన ద్రవం, కణాలు. జ్వరం, కఫం, ఆయాసంలో పెద్ద వాటా కూడా మన రోగనిరోధక వ్యవస్థ పుణ్యమే.

న్యుమోనియా తెచ్చే సూక్ష్మజీవులు చాలా ఉన్నాయి. మనం ఒక్కదాన్నే వెంబడిద్దాం: న్యుమోకాకస్. ఇది చాలామంది ముక్కులో, గొంతులో, ముఖ్యంగా చిన్నపిల్లల్లో, ఏ హానీ చేయకుండా కాపురం ఉంటుంది. చిక్కంతా కిందికి జారినప్పుడే.

[యానిమేషన్: శ్వాసనాళం లోపలి గోడ, అలలా కదిలే సూక్ష్మ కేశాలు.]

జారడం అంత తేలిక కాదు. శ్వాసనాళాల లోపల జిగురు పూత ఉంటుంది. దాని కింద సన్నటి కేశాలు సెకనుకు పది పన్నెండు సార్లు కదులుతూ, చిక్కుకున్నదాన్ని గొంతువైపు నెడతాయి. మనం తెలియకుండానే మింగేస్తాం. పొగ తాగేవారిలో ఈ ఏర్పాటు దెబ్బతింటుంది, ఫ్లూ వచ్చినప్పుడూ అంతే. 1918 ఫ్లూలో చనిపోయినవారిలో ఎక్కువమందిని బలిగొన్నది వెనకే వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా.

[యానిమేషన్: ఒక గాలి గది. గోడ వెంట పాకే మాక్రోఫేజ్.]

దాటుకుని వచ్చినవి గాలి గదులకు చేరతాయి. అక్కడ గాలికీ నెత్తురుకీ మధ్య గోడ మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఇంత సున్నితమైన చోట రభస పనికిరాదు. అందుకే అక్కడి కాపలా కణాలు, అంటే మాక్రోఫేజ్‌లు, వచ్చిన కొద్దిపాటి బ్యాక్టీరియాను గుట్టుచప్పుడు కాకుండా మింగేసి ఊరుకుంటాయి. జ్వరం రాదు, దగ్గు రాదు.

న్యుమోకాకస్‌కు చక్కెర అణువులతో అల్లిన జారుడు తొడుగు ఉంది. మాక్రోఫేజ్‌కు పట్టు చిక్కదు. బ్యాక్టీరియా సంఖ్య పెరిగిపోతే, కాపలా కణాలు ఇక తమవల్ల కాదని సైటోకైన్లనే రసాయన సంకేతాలు విడుస్తాయి. జబ్బు మనకు తెలిసేది ఇక్కడి నుంచే. సంకేతం మెదడుకు చేరితే చలి, వణుకు, జ్వరం. కాలేయానికి చేరితే అది సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను కుప్పలుగా తయారుచేస్తుంది. అవును, కోవిడ్ రోజుల్లో ప్రతి ఇంటా వినబడ్డ ఆ సీఆర్‌పీయే. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో దాన్ని మొదట గుర్తించింది న్యుమోకాకస్ న్యుమోనియా రోగుల రక్తంలోనే.

[యానిమేషన్: రక్తనాళం గోడను దాటి గాలి గదిలోకి దూరుతున్న న్యూట్రోఫిల్స్.]

మూడో సంకేతం రక్తంలోని న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలకు. ఎముక మజ్జ వీటిని రోజుకు దాదాపు పదివేల కోట్లు తయారుచేస్తుంది. అవి గాలి గదుల్లోకి దూరి బ్యాక్టీరియాను మింగుతాయి, విషపూరిత రసాయనాలు కుమ్మరిస్తాయి. ఆ రసాయనాలకు మనది, పరాయిది అనే తేడా తెలియదు. గోడలు దెబ్బతింటాయి, ద్రవం ఊరుతుంది, గాలి ఉండాల్సిన గది నిండిపోతుంది. ఊపిరితిత్తిలో ఆ భాగం కోసి చూస్తే కాలేయంలా గట్టిగా ఉంటుంది.

కఫానికి ఆకుపచ్చ రంగునిచ్చేది న్యూట్రోఫిల్స్‌లో ఉండే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్. వైరస్ జబ్బుల్లోనూ న్యూట్రోఫిల్స్ వస్తాయి కాబట్టి, రంగు చూసి మందుల షాపులో యాంటీబయాటిక్ అడగడం అర్థంలేని పని. తుప్పు రంగు వేరు. అది గాలి గదుల్లోకి ఎర్ర రక్తకణాలు కారాయనడానికి గుర్తు.

ఇంత చేసినా తొడుగు సమస్య తీరలేదు. దాన్ని తీర్చేవి యాంటీబాడీలు. అవి తొడుగుకు అతుక్కుంటే, మింగే కణాలకు పట్టు దొరుకుతుంది. కానీ తగినన్ని తయారవడానికి వారం దాకా పడుతుంది. యాంటీబయాటిక్స్ లేని కాలంలో డాక్టర్లు మంచం పక్కన కూర్చుని ఎదురుచూసింది దీనికోసమే. వారం పాటు మండిన జ్వరం కొందరిలో ఒక్కసారిగా చెమటలు పట్టి దిగిపోయేది. చాలామంది అంతదాకా నిలిచేవారు కాదు.

ఇప్పుడు యాంటీబయాటిక్స్ ఆ వారాన్ని తగ్గించాయి. తర్వాత శుభ్రం చేసే పని మళ్లీ మాక్రోఫేజ్‌లదే. చచ్చిన న్యూట్రోఫిల్స్‌ను అవే తినేస్తాయి. రోగి తేరుకున్నాక కూడా ఎక్స్‌రేలో మచ్చ కొన్ని వారాలు కనబడుతుంది. దానికి కంగారు పడనక్కర్లేదు.

[తెర మీద: పసిపాపకు టీకా.]

యాంటీబాడీలు ముందే సిద్ధంగా ఉంటే? టీకా చేసేది అదే. అయితే రెండేళ్లలోపు పిల్లల శరీరం ఒట్టి చక్కెర తొడుగును చూసి సరిగా స్పందించదు. ఆ చక్కెరను ఒక ప్రొటీన్‌కు అతికిస్తే టి కణాలనే మరో రకం రోగనిరోధక కణాలు తోడొచ్చి, శత్రువు జ్ఞాపకం కూడా మిగులుతుంది. పీసీవీ అనే ఈ టీకాను మన దేశంలో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టి, 2021లో అంతటికీ విస్తరించారు. 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ఉచితంగా ఇస్తారు.

పెద్దవారిలో మరొకరి సంగతి చెప్పాలి. రక్తంలోకి దిగిన న్యుమోకాకస్‌ను వడగట్టే పనిలో పొట్టలో ఎడమవైపు ఉండే ప్లీహానిది ముఖ్యపాత్ర. ప్రమాదంలో దెబ్బతిని దాన్ని తీసేసినవారికి, మన ఏజెన్సీ ప్రాంతాల్లో కనబడే, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ వ్యాధి వల్ల అది పనిచేయనివారికి ముప్పు చాలా ఎక్కువ. వీరు టీకా గురించి డాక్టరును అడగాలి. జ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా అదే రాత్రి ఆస్పత్రికి వెళ్లాలి.