పొలం జీతం ఇవ్వదు. మరి ఏమిస్తుంది?

నమస్తే అండీ. ఈ మధ్య అందరి ఫోన్లలోనూ ఒక రకం వీడియోలు తెగ తిరుగుతున్నాయి. థంబ్‌నెయిల్ మీద ఒకాయన చేతికొక బొప్పాయి పట్టుకుని నవ్వుతుంటాడు. పక్కన పసుపు అక్షరాల్లో "లక్షల జీతం వదిలేశాడు, ఎకరానికి పది లక్షలు సంపాదిస్తున్నాడు" అని ఉంటుంది. లోపలికి వెళ్తే డ్రోన్ షాట్, ఫ్లూటు మ్యూజిక్, తెల్లవారుజామున గట్టు మీద పద్మాసనం. ఇవి చూసి చాలామంది నన్ను అడుగుతున్నారు. "అక్కా, మేం కూడా సిటీ వదిలేద్దామనుకుంటున్నాం. టెన్షన్ లేకుండా, కాస్త యోగా చేసుకుంటూ, పిల్లలతో పొలంలో హాయిగా బతకొచ్చు కదా?" అని.

బతకొచ్చు. మేం బతుకుతున్నాం. కాకపోతే ఆ బొప్పాయిల వీడియోలో చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. ఈ రోజు వాటి గురించే మాట్లాడుకుందాం.

మాది జహీరాబాద్ వైపు ఒక ఊరు. ఎర్ర నేల, ఎక్కువ భాగం వర్షాధారం. ఇంట్లో మేమిద్దరం, పిల్లలిద్దరు, మా అత్తమ్మ. మా ఆయన ఇప్పటికీ ఉద్యోగం చేస్తున్నారు, ఇంటి నుంచే. ఈ మాట ముందే చెప్పేస్తున్నా. ఎందుకంటే "అన్నీ వదిలేసి పొలానికొచ్చాం" అనేవాళ్లలో చాలామందికి పొలం బయటి నుంచి ఏదో ఒక డబ్బు వస్తూనే ఉంటుంది. ఒకరి జీతమో, సిటీలో ఫ్లాటు అద్దెనో, బ్యాంకులో వేసిన డబ్బు మీద వడ్డీనో. అందులో తప్పేం లేదు. అది దాచిపెట్టి, పొలమే మమ్మల్ని పోషిస్తోందని చెప్పడం మాత్రం తప్పే.

ఒక చిన్న లెక్క వేద్దాం. మా దగ్గర కంది పండుతుంది. 2025-26లో కందులకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. వర్షాధారంలో ఎకరానికి నాలుగు క్వింటాళ్లు వచ్చాయంటే ఊళ్లో పంట బాగానే వచ్చిందంటారు. నాలుగు ఎనిమిదులు ముప్పై రెండు. అంటే 32,000. అందులోంచి దున్నకం, కలుపు కూలీలు, కోత, నూర్పిడి తీసేయండి. ఏడాదికి ఎకరం మీద మిగిలేది అదీ. హైదరాబాద్‌లో ఒక నెల ఇంటి అద్దెకు సరిపోతుందేమో మరి, మీరే చెప్పాలి.

ఇప్పుడు అదే ఎకరాన్ని వంటింటి వైపు నుంచి చూడండి. మా అయిదుగురికి వారానికి కిలో కందిపప్పు అనుకుందాం. ఏడాదికి 52 కిలోలు. కందులు పప్పు చేయిస్తే పొట్టూ నూకా పోగా నాలుగింట మూడొంతుల వరకు మిగులుతుంది. అంటే క్వింటాలు కందులు పక్కన పెట్టుకుంటే ఏడాది పప్పు పోను కాస్త మిగులుతుంది కూడా. మిగతా మూడు క్వింటాళ్లు అమ్ముకోవచ్చు. జీతం లెక్కన చూస్తే ఆ ఎకరం ఓడిపోయింది. తిండి లెక్కన చూస్తే ఏడాదంతా పప్పు డబ్బా ఖాళీ కాలేదు. నేల అదే, పంటా అదే, మనం దాని మీద వేసిన బరువు వేరు.

నేను చెప్పదలచుకున్నది ఇదేనండీ. పొలం కొన్నాక తృప్తి వస్తుందనుకుంటారు. మా అనుభవంలో అది తలకిందులు. ముందు ఖర్చు తగ్గాలి, కోరికల చిట్టా కొంచెం చిన్నది కావాలి, ఆ తర్వాతే పొలం మనల్ని భరించగలుగుతుంది. సిటీ ఖర్చులన్నీ అలాగే ఉంచుకుని వచ్చి నాలుగెకరాల నెత్తిన వేస్తే, నేల కాదు కదా, నాగార్జునసాగర్ కూడా చాలదు.

యోగా నేర్పేవాళ్లు ఆసనాల గురించి చెప్పినంతగా నియమాల గురించి చెప్పరు. పతంజలి చెప్పిన అయిదు నియమాల్లో మొదటిది శౌచం, అంటే శుభ్రత. రెండోది సంతోషం, అంటే ఉన్నదానితో తృప్తి. మూడోది తపస్సు, అంటే కష్టానికి ఓర్చి సాధన చేయడం. నేను పండితురాలిని కాదు కానీ, ఈ వరుస నాకు భలే నచ్చుతుంది. ఉన్నదానితో తృప్తిగా ఉండడాన్ని కష్టపడ్డాక దొరికే బహుమతిగా చివర్లో పెట్టలేదు, కష్టానికి ముందే పెట్టారు. మా వైపు వ్యవసాయం చూశాక అది ఎందుకో అర్థమవుతుంది. తొలకరికి విత్తనం వేసేటప్పుడే మనసు కుదుటపడకపోతే, వాన వారం ఆలస్యమైతే చాలు, రాత్రుళ్లు నిద్ర పట్టదు.

సరే, ఏ ఖర్చులు తగ్గాయి అని అడుగుతారు. వారాంతం మాల్‌కి వెళ్లడం పోయింది. బయటి నుంచి భోజనం తెప్పించుకోవడం పోయింది, తెచ్చిచ్చేవాడు ఇంత దూరం రాడు కాబట్టి. బట్టలు సగానికి సగం. పెట్రోలు మాత్రం పెరిగింది, దేనికైనా టౌనుకు పోవాల్సిందే. స్కూలు ఫీజు, ఆస్పత్రి ఖర్చు ఎక్కడున్నా ఉంటాయి. "పల్లెలో ఖర్చే ఉండదు" అనేవాళ్లు పిల్లల్ని చదివించనివాళ్లయినా అయ్యుండాలి, జ్వరం రానివాళ్లయినా అయ్యుండాలి.

మేం వచ్చిన ప్రాంతం ఒక రకంగా అదృష్టం. ఈ పక్కనే పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది, 1983 నుంచి. ఇక్కడి ఊళ్లలో దళిత మహిళల సంఘాలు బీడు భూముల్ని సాగులోకి తెచ్చి, చిరుధాన్యాలు, పాత విత్తనాలు నిలబెట్టుకున్నాయి. ఏటా సంక్రాంతి వేళ పాత పంటల జాతర మొదలవుతుంది, ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరూ తిరుగుతాయి. మాచనూర్‌లో ఈ మహిళలే నడిపే సంఘం రేడియో 2008లో మొదలైంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ 2019లో ఈ సంస్థకు వచ్చింది. సింపుల్ లివింగ్ మీద సిటీలో వర్క్‌షాపులకు డబ్బు కట్టి వెళ్తుంటాం. ఇక్కడ దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, పొద్దున్నే లేచి పనికి పోతారు.

వీళ్లు ఒక్క చేనులోనే పచ్చజొన్న, కంది, పెసర, మినుము, అనుము, బొబ్బర, నువ్వు కలిపి వేస్తారు. పెసర ముందు చేతికొస్తుంది, రెండు రెండున్నర నెలల్లో. తర్వాత మినుము, ఆ తర్వాత జొన్న. కంది చలికాలం దాకా నిలబడి ఉంటుంది. వాన ఒక పంటను ముంచినా ఇంకోటి నిలుస్తుంది. మార్కెట్‌కు లారీడు సరుకు రాదు, ఇంట్లోకి మాత్రం నెలకో రకం వస్తూనే ఉంటుంది. మేం కూడా అదే పట్టుకున్నాం.

ఒకసారి మా చేనులో కలుపు తీస్తున్నాం. మా అమ్మాయి హుషారుగా గునుగు మొక్కలు పీకబోతుంటే పక్క చేను అవ్వ గట్టు మీది నుంచే కేకేసింది. "గదెందుకు పీకుతున్నవ్ బిడ్డా? ఇప్పుడు ఆకు కూరకైతది, బతుకమ్మకు పువ్వైతది. గట్టు పొంటి రెండు వరుసలు ఉంచు." ఆ సాయంత్రం మా ఇంట్లో గునుగాకు పప్పు. బతుకమ్మకు ఆ గట్టు మొత్తం తెల్లగా పూసింది, మా వాడకట్టు ఆడపిల్లలందరూ వచ్చి కోసుకుపోయారు. పూలు కొనడానికి మార్కెట్‌కు వెళ్లాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు మగవాళ్లు కాస్త జాగ్రత్తగా వినాలి. సాదా జీవితం అంటారు కదా, ఆ సాదా ఎవరికి సాదా? విసరడం, చెరగడం, ఏరడం, ఎండబెట్టడం, ఊరగాయలు, పాలు కాచి తోడేయడం, అన్నీ ఇంట్లోనే. మిక్సీ వద్దు రోలు ముద్దు అని ఆయన వీడియోలో చెప్తాడు, రోట్లో రుబ్బేది ఆవిడ. విత్తనం దాచడమే చూడండి. ఎండబెట్టి, చెరిగి, బూడిద కలిపి, వేపాకు పొరలు వేసి, వెదురు బుట్టలో పోసి, పైన మట్టీ పేడా కలిపి అలకాలి. ఒక పూట పని. చక్కని పనే, నాకూ ఇష్టమే. కానీ దాని తర్వాత వంట కూడా నేనే చేయాలంటే ఆ ఇష్టం ఎంతసేపు నిలుస్తుంది? మా ఇంట్లో రాత్రి వంట మా ఆయనది, జొన్నరొట్టె చేయడం అత్తమ్మ దగ్గర నేర్చుకున్నారు. ఇండియా మ్యాప్ లాగా వస్తుంది, తింటాం. ఇల్లాలికి ఇష్టం లేకుండా పొలానికి మారిన కుటుంబాలు రెండు మూడేళ్లలో మళ్లీ సిటీకి వెళ్లిపోవడం నేను చూశాను. అక్కడ తప్పు పొలానిది కాదు.

ఇక యోగా. "పొలం పనే పెద్ద వ్యాయామం, మళ్లీ యోగా ఎందుకు?" అని అడుగుతారు. మా అత్తమ్మ కూడా మొదట్లో నవ్వేది. "పొద్దంతా చేన్ల వంగింది చాలదా బిడ్డా, మల్ల ఇంటికొచ్చి వంగుతున్నవ్?" అని. నిజానికి పాయింటు అక్కడే ఉంది. కలుపు తీసినా, నాటు వేసినా నడుము ముందుకే వంగుతుంది, గంటల తరబడి. వెనక్కి వంగే పని పొలంలో ఒక్కటీ ఉండదు. స్ప్రేయర్ ట్యాంకు నిండితే 16 లీటర్లు, ఆ బరువంతా భుజాల మీదే. అందుకని మా ఇంట్లో చేసేవి ఎక్కువగా వెనక్కి వంగేవే: భుజంగాసనం, శలభాసనం, ఆ తర్వాత మకరాసనంలో కాసేపు బోర్లా పడుకోవడం. చివర్లో శవాసనం, అందులో మా ఆయన గురక పెట్టేస్తారు. డిస్క్ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఇవి చేయొద్దు. అత్తమ్మ ఇప్పుడు తనే చాప పరుస్తుంది, కాకపోతే దాన్ని యోగా అనదు, "నడుము తీసుకుంటున్న" అంటుంది.

తెల్లవారుజామున పద్మాసనం మాత్రం మాకు కుదరలేదు. ఆ టైముకి ఆవు అరుస్తుంటుంది, పాలు పిండాలి, మోటారు వేయాలి. మేం సాయంత్రం చేస్తాం, స్నానం చేశాక, భోజనానికి ముందు. జూన్ 21న యోగా దినోత్సవం, 2015 నుంచి జరుపుతున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆరుద్ర కార్తె మొదలవుతుంది. పదును దొరికితే ఊరంతా విత్తనం పనిలో ఉంటుంది. ఆ రోజు చాప మీద ఫొటో కోసం మా ఊళ్లో మనిషి దొరకడం కష్టమే.

రసాయన ఎరువుల బదులు చేనుకు పోసే జీవామృతం గురించి కూడా అడిగారు. ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ గారు చెప్పిన పద్ధతే చేస్తాం. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల నాటు ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. డ్రమ్మును నీడలో పెట్టి 48 గంటలు ఉంచాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కర్రతో ఒకే వైపు తిప్పాలి. రెండో రోజుకి పైన నురగ కట్టి బుడబుడమంటుంది, వాసన పుల్లగా మారుతుంది. తిప్పే పని మా అబ్బాయిది, వాడు ముక్కుకు తువ్వాలు కట్టుకుని యుద్ధానికి పోతున్నట్టు పోతాడు. ఇది ఎకరానికి సరిపోతుంది.

కూరగాయలకు మేం ఆంధ్రప్రదేశ్ వాళ్ల పద్ధతి చూసి వేశాం. అక్కడ రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం నేర్పిస్తోంది, ఆ కార్యక్రమం 2024లో పోర్చుగల్ వాళ్లిచ్చే గుల్బెంకియన్ పురస్కారాన్ని మరో ఇద్దరితో పంచుకుంది కూడా. వాళ్ల ఏటీఎం (ఎనీ టైమ్ మనీ, ఎప్పుడూ చేతికి ఏదో ఒకటి వచ్చేలా) మోడల్‌లో 20 సెంట్లలో రకరకాల కూరగాయలు, ఆకుకూరలు కలిపి వేస్తారు. మన తెలంగాణ లెక్కలో ఎనిమిది గుంటలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అయిదెకరాల కలలు పక్కన పెట్టి, ఆ ఎనిమిది గుంటలు ఏడాది పొడవునా ఖాళీ పడకుండా చూసుకోండి. దానికే నలుగురి చేతులూ నిండిపోతాయి.

చివరిగా, భూమి కొనేముందు ఒక్క వానాకాలం కౌలుకు తీసుకోండి. మాటలు ఎండాకాలంలోనే జరుగుతాయి, కాబట్టి ఉగాది తర్వాత ఆలస్యం చేయొద్దు. అద్దె ఇల్లు అదే ఊళ్లో చూసుకుని ఇంట్లో అందరూ వెళ్లండి, ఒక్కరే వెళ్లి చూసి రావడం లెక్కలోకి రాదు. నచ్చి కొనాలనుకుంటే పాస్‌బుక్ చూడడంతో ఆగొద్దు, అసైన్డ్ భూమి, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి, అవునో కాదో తహసీల్దార్ ఆఫీసులో కనుక్కోండి. వాటి అమ్మకాన్ని నిషేధించే 1977 చట్టం ఉంది, చవగ్గా వస్తోందని అలాంటిది కొంటే చేతికి మిగలదు. ఎండాకాలంలో బోర్లో నీళ్లెన్ని ఉంటాయో పక్క రైతును అడగండి, అమ్మేవాడిని కాదు.

కోతుల సంగతి ఈ రోజు ఎత్తలేదు. అది పెద్ద కథ, కంచె ఖర్చుతో కలిపి వచ్చే వీడియోలో చెప్తాను. మీ ఊళ్లో మొక్కజొన్నను కోతుల నుంచి ఎలా కాపాడుకుంటున్నారో కింద రాయండి, మాకూ పనికొస్తుంది.