హక్కులు వదులుకున్న డాక్టరు: ఎస్పెరాంటోపై చర్చ

సంధానకర్త: నమస్కారం. ఇవాళ మన చర్చ లుడ్విక్ జామెన్‌హోఫ్ గురించి. 1859లో బియాలిస్టాక్‌లో పుట్టారు. ఆ ఊరు అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. వృత్తి కళ్ల వైద్యం. 1887లో వార్సాలో ఓ చిన్న పుస్తకం అచ్చేసి, తాను తయారుచేసిన అంతర్జాతీయ భాష ఎస్పెరాంటోను బయటపెట్టారు. మేడమ్, కృత్రిమ భాషలు చాలానే వచ్చాయి, పోయాయి. ఇదెలా నిలబడింది?

చరిత్ర పరిశోధకురాలు: తన గుప్పిట్లో పెట్టుకోలేదు కాబట్టి. అంతర్జాతీయ భాష సమాజం సొత్తని, రచయితగా తన హక్కులన్నీ శాశ్వతంగా వదులుకుంటున్నానని ఆ పుస్తకంలోనే అచ్చు వేయించారు. సొంత పేరు కూడా వేసుకోలేదు. పెట్టుకున్న మారుపేరు ‘డాక్టరో ఎస్పెరాంటో’, అంటే ఆశపడే డాక్టరు. అదే భాషకు పేరైపోయింది. అంతకు కాస్త ముందు ష్లేయర్ అనే జర్మన్ కేథలిక్ పూజారి వోలాప్యుక్ అనే కృత్రిమ భాష తయారుచేశారు. దానికి మొదట్లో బాగా ఆదరణ దొరికింది. మార్పులు కావాలని అనుచరులు అడిగితే ఆయన తుది మాట నాదేనన్నారు. సంఘం చీలిపోయింది.

భాషాశాస్త్రవేత్త: సగమే ఒప్పుకుంటాను. వదిలేస్తే సరిపోతుందా? ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చేస్తే భాష ముక్కలవుతుంది. 1894లో ఆయనే సంస్కరణలు ప్రతిపాదించి ఓటుకు పెట్టారు. ఎస్పెరాంటో పత్రిక చందాదారుల్లో ఎక్కువమంది వద్దన్నారు, ఆయన తలొగ్గారు. 1905లో ‘ఫుందమెంతో’, అంటే పునాది, అనే పుస్తకం వచ్చింది. 16 నియమాల వ్యాకరణం, అభ్యాసాలు, పదకోశం, వీటిని ముట్టుకోకూడదని కట్టడి. కొత్త మాటలు ఎన్నైనా చేర్చుకోవచ్చు, పునాది కదపకూడదు. 1907లో ఎస్పెరాంటోను సవరించి ఇడో అనే భాష చేసుకున్న వర్గం విడిపోయినప్పుడు ఎక్కువమందిని నిలిపింది ఆ కట్టడే.

సంధానకర్త: ఇడోవాళ్ల అభ్యంతరం దేనిమీద?

ఎస్పెరాంటో బోధకుడు: చాలా ఉన్నాయి కానీ, ముందు కంటికి కనిపించేవి టోపీ అక్షరాలు. మొత్తం 28 అక్షరాల్లో ఆరింటికి నెత్తిన గుర్తులుంటాయి. మామూలు ప్రెస్సుల దగ్గర ఆ అక్షరాల అచ్చు దిమ్మలు ఉండేవి కావు. లేనిచోట పక్కన ‘హెచ్’ వేసుకోమని జామెన్‌హోఫే చెప్పారు. తర్వాత కంప్యూటర్లలో ‘ఎక్స్’ వేసుకున్నారు. యూనికోడ్ వచ్చాక ఆ గొడవ తగ్గింది.

సంధానకర్త: తెలుగువాళ్లు నేర్చుకుంటే ఎక్కడ తడబడతారు సార్?

బోధకుడు: క్రియల దగ్గర కాదు. ‘లెగాస్’ చదువుతాను, ‘లెగిస్’ చదివాను, ‘లెగోస్’ చదవబోతాను. నేనైనా వాళ్లైనా రూపం మారదు. పదాలు అతికించడం మనకు అలవాటే. ‘మల్-సాన్-ఉల్-ఏయ్-ఓ’ చూడండి. మల్ వ్యతిరేకం, సాన్ ఆరోగ్యం, ఉల్ మనిషి, ఏయ్ చోటు, చివరి ఓ నామవాచకానికి గుర్తు. కలిపితే ఆసుపత్రి. మొదటి పుస్తకంలో సుమారు 900 ధాతువులతో పని జరగడానికి కారణం ఈ అతుకులే. చిక్కల్లా ద్వితీయా విభక్తి ‘న్’తో. మనం ‘ఆమెను చూశాను’ అంటాం గానీ, ‘పుస్తకం చదివాను’ అన్నప్పుడు ‘ను’ పెట్టం. దాంతో మనుషులకు ‘న్’ తగిలించి వస్తువులకు వదిలేస్తారు. అక్కడ ‘మి లెగిస్ లిబ్రోన్’ అనే తీరాలి. దీనికి భయపడి కొందరు ‘ఎస్తాస్’ (ఇంగ్లీషు ‘ఈజ్’ లాంటి క్రియ) తర్వాత కూడా ‘న్’ పెడతారు. అదీ తప్పే.

సంధానకర్త: ఇక ఆశయం సంగతి. మేడమ్?

పరిశోధకురాలు: బియాలిస్టాక్‌లో రష్యన్లు, పోలిష్‌వాళ్లు, జర్మన్లు, యూదులు ఎవరి మాట వాళ్లది, ఒకరంటే ఒకరికి పడదు. యూదు కుటుంబంలో పుట్టిన జామెన్‌హోఫ్ పెరిగింది అందులోనే. ఆయనకు భాష పనిముట్టు, మనుషుల్ని దగ్గర చెయ్యడం అసలు పని. 1905లో ఫ్రాన్సులోని బులోన్‌లో మొదటి మహాసభ జరిగింది, 688 మంది వచ్చారు. అక్కడ చేసిన ప్రకటన ఎస్పెరాంటిజం అంటే భాషను వ్యాప్తి చెయ్యడమే, మిగతా ఆశయాలు ఎవరి సొంతం వాళ్లవి అంది. ఆయన ప్రార్థనా గీతంలో క్రైస్తవులు, యూదులు, ముస్లిములు అందరూ దేవుడి బిడ్డలేనన్న ఆఖరి చరణాన్ని అక్కడ చదవలేదు. డ్రేఫస్ అనే యూదు సైనికాధికారిపై తప్పుడు దేశద్రోహ నేరం మోపిన వ్యవహారం వేడి ఇంకా చల్లారని ఫ్రాన్సులో నిర్వాహకులు జంకారు.

భాషాశాస్త్రవేత్త: ఆ ప్రకటన లేకపోతే నాస్తికులు, వ్యాపారులు, కార్మిక సంఘాలు ఒకే చోట కూర్చునేవారా?

పరిశోధకురాలు: కూర్చున్నారు, సరే. కానీ 1906 జూన్‌లో ఆయన పుట్టిన ఊళ్లోనే యూదుల ఊచకోత జరిగింది. ఆ ఏడాది జెనీవా సభలో ఆయన దాన్ని బాహాటంగా ప్రస్తావించి, కేవలం వ్యాపార అవసరాలకే పనికొచ్చే ఎస్పెరాంటోతో మాకు సంబంధం లేదన్నారు. ప్రభుత్వాలు కూడా దాన్ని ఉత్త భాషగా చూడలేదు. స్టాలిన్ కాలంలో 1937-38లో ఎస్పెరాంటిస్టులను అరెస్టు చేశారు. జామెన్‌హోఫ్ 1917లో పోయారు, కానీ ఆయన ముగ్గురు పిల్లలనూ నాజీలు చంపారు. ఆదాంను 1940లో కాల్చేశారు, జోఫియా, లీదియా 1942లో ట్రెబ్లింకా నాజీ మరణ శిబిరంలో చనిపోయారు.

సంధానకర్త: మరి తటస్థ భాష అన్న మాట ఆసియావాళ్లకు వర్తిస్తుందా?

భాషాశాస్త్రవేత్త: పదజాలం వరకు వర్తించదు. ధాతువులు ప్రధానంగా లాటిన్ కుటుంబంవి, కొన్ని జర్మన్, స్లావిక్. ఇటలీవాడికి సగం తెలిసినట్టే ఉంటుంది, మనం ఒక్కొక్కటీ బట్టీ పట్టాలి.

బోధకుడు: అయినా అపవాద రూపాల జాబితా ఉండదు కదండీ. ఆ భారం ఇటలీవాడికీ లేదు, మనకూ లేదు.