ఓడలో భోజనం ఉచితం, ఇంటర్నెట్‌కు మాత్రం బిల్లు

అందరికీ నమస్కారం.

2020 జులై 25న మారిషస్ తీరంలో వకాషియో అనే సరుకు ఓడ పగడపు దిబ్బల మీదికి ఎక్కేసింది. కొన్ని రోజులకు దాని ట్యాంకు పగిలి సుమారు వెయ్యి టన్నుల ఇంధన నూనె సముద్రంలో కలిసింది. తీరానికి అంత దగ్గరగా ఓడ ఎందుకొచ్చింది? మొబైల్ సిగ్నల్ కోసం. జపాన్ రవాణా భద్రతా బోర్డు దర్యాప్తులో తేలిన మాట ఇది. తప్పు ఓడ నడిపినవాళ్లదే, అందులో అనుమానం లేదు. కానీ ఓడనే దారి మళ్లించేంత ఆరాటం మనుషుల్లో ఎందుకు పుట్టిందో కూడా మనం అడగాలి కదా.

ప్రపంచంలో వాణిజ్య ఓడల మీద పనిచేసేవాళ్లు 2021 లెక్క ప్రకారం దాదాపు 19 లక్షల మంది. నెలల తరబడి నీళ్ల మీదే ఉంటారు. తీరం నుంచి కొన్ని పదుల కిలోమీటర్లు దాటితే ఫోన్ టవర్లు అందవు. ఆ పైన ఆకాశంలోని ఉపగ్రహాలే దిక్కు. చాలా ఏళ్లపాటు ఆ ఆకాశం కూడా దూరమే. భూస్థిర ఉపగ్రహాలు, అంటే భూమితో పాటే తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు కనిపించేవి, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఇక్కడి మాట అక్కడికి వెళ్లి జవాబు తిరిగి రావడానికి అర సెకను పడుతుంది. ఓడ ఎంత ఊగినా యాంటెన్నా ఉపగ్రహం వైపే చూస్తూ ఉండాలి కాబట్టి ఆ పరికరమూ ఖరీదైనదే. అలా దొరికిన కాస్త డేటాలో కంపెనీ మెయిళ్లు, వాతావరణ సమాచారం పోగా మిగిలింది సిబ్బందికి ముందే డబ్బు కట్టి కొనుక్కునే కార్డుల లెక్కన అమ్మేవారు. ఇప్పటికీ అమ్ముతున్న ఓడలున్నాయి.

ఆ కార్డు ఎలా కరిగిపోతుందో చూడండి. డ్యూటీ దిగిన మనిషి క్యాబిన్‌లో కూర్చుని కార్డు మీది కోడ్ కొడతాడు. ఇంటికి హలో చెప్పేలోపే ఫోన్ తనంతట తానే ఫొటోల బ్యాకప్ మొదలుపెడుతుంది, యాప్‌లు అప్‌డేట్ అవుతాయి, గ్రూపుల్లో పేరుకున్న వీడియోలు దిగుతాయి. డేటా అయిపోతుంది. పిల్లాడికి జ్వరం తగ్గిందో లేదో మాత్రం తెలియదు. పోనీ, డేటా మిగిలిందనుకుందాం. ఇంటికి డబ్బు పంపుదామని బ్యాంకు యాప్ తెరిస్తే ఓటీపీ ఎస్ఎంఎస్‌లో వస్తుంది. నడిసముద్రంలో సిమ్‌కు సిగ్నల్ ఎక్కడిది? ఈ టెన్షన్ ఒడ్డున కూర్చుని యాప్‌లు తయారుచేసేవాళ్లకు తట్టనే తట్టదు. బ్యాంకులు ఇంకో మార్గం పెట్టి తీరాలి.

ఇప్పుడు పరిస్థితి మారుతోంది. 2022 జులైలో ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ ఓడల కోసం సేవ మొదలుపెట్టింది. అప్పుడు నెలకు 5,000 డాలర్లు, పరికరాలకు మరో 10,000. ఆ తర్వాత తక్కువ ధర ప్లాన్లు వచ్చాయి. ఈ ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి, అందుకే ఆలస్యం తక్కువ. నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటుంది. భూమి ఉపరితలంలో 70 శాతానికి పైగా నీళ్లే. భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహం ఎక్కువసేపు ఉండేది సముద్రం పైనే, అక్కడ వాడేవాళ్లేమో చాలా తక్కువ. కింద ఓడ ఉన్నా లేకున్నా అది తిరగక తప్పదు. ఖాళీగా పోయే ఆ సామర్థ్యాన్ని నావికులకు చౌకగా ఇస్తే కంపెనీలకు పోయేదేమిటి?

చట్టం సంగతికొద్దాం. నావికుల హక్కుల కోసం దేశాలు చేసుకున్న 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందానికి 2022లో చేసిన సవరణలు 2024 డిసెంబరు 23 నుంచి అమల్లోకి వచ్చాయి. సాధ్యమైనంతవరకు ఓడలో ఇంటర్నెట్ ఇవ్వాలి, డబ్బు తీసుకుంటే అది సమంజసంగా ఉండాలి అని అందులో ఉంది. అయితే అది మార్గదర్శకాల్లో ఉంది, తప్పనిసరి నిబంధనల్లో కాదు. పైగా సమంజసం అంటే ఎంత? అదే ఒప్పందం భోజనం విషయంలో ఇలా నసగలేదు, ఉచితంగా పెట్టాలని తేల్చి చెప్పింది. ఇంటివాళ్లతో మాట్లాడుకునేంత డేటా కూడా అలాగే ఉచితంగా ఇవ్వాలన్నది నా వాదన. పెద్ద ఓడ రోజుకు పదుల టన్నుల ఇంధనం తాగుతుంది. ఆ ఖర్చు ముందు ఇరవై పాతిక మంది డేటా బిల్లు ఏపాటిది?

నెట్ ఇస్తే నిద్ర మానేస్తారని కొందరు యజమానులు అంటారు. భయం పూర్తిగా అబద్ధం కాదు. రోజుకు కనీసం పది గంటల విశ్రాంతి అనే నియమం ఉంది, దాన్ని అమలు చేయండి. డ్యూటీలో ఫోన్ వద్దంటే సరే. ఇంట్లో ఏం జరిగిందో తెలియక రాత్రంతా దొర్లేవాడికీ నిద్ర ఉండదు.

చేపల వేటకు వెళ్లేవాళ్లకు ఈ సముద్ర కార్మిక ఒప్పందం వర్తించదు. వాళ్లకు 2007 నాటి వేరే ఒప్పందం ఉన్నా, దాన్ని ఆమోదించిన దేశాలు తక్కువ. చిన్న పడవకు ఖరీదైన యాంటెన్నా బిగించమని దాని యజమానికి చెప్పలేం. మామూలు ఫోన్ నుంచే ఉపగ్రహానికి సందేశం పంపే సాంకేతికత ఇప్పుడు వచ్చింది. మత్స్యకారులకు ఆ సందేశాల ఖర్చు ప్రభుత్వాలే భరించాలి. ఓడల విషయంలో ఏ దేశం జెండా కింద ఓడ తిరుగుతోందో, అంటే ఏ దేశంలో నమోదైందో, ఆ దేశమే ఇంటర్నెట్ గురించిన ఆ మార్గదర్శకాన్ని తన చట్టంలో తప్పనిసరి చేసుకోవచ్చు, అడ్డేమీ లేదు. ఈ సభలో అలాంటి దేశాల ప్రతినిధులుంటే, ఉచిత డేటా ఎంతో అంకె వేసి మరీ చట్టంలో రాయమని కోరుతున్నాను.